బ్లేడు తిన్న రెండు మిల్లీమీటర్లు

నా కొలత టేపు మీద ఒట్టు, ఇక్కడ రాయబోయే ప్రతి అక్షరం నిజం. టేపు మీద ఒట్టేసి అబద్ధమాడిన వడ్రంగి చేసిన తలుపు ఏ చౌకట్లోనూ పట్టదని మా వాళ్లంటారు. నా తలుపులన్నీ ఇంతవరకు చక్కగా పడుతున్నాయి. అనుమానమున్నవాళ్లు నాంపల్లి వచ్చి తీసి, వేసి చూసుకోవచ్చు.

అది 2022. నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో, రైళ్ల కూత వినిపించేంత దూరంలో నా వర్క్‌షాపు. అప్పటికి ట్రాక్ సా కొని మూడు వారాలైంది. ఈ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. ట్రాక్ సా అంటే గుండ్రటి బ్లేడున్న చేతి రంపం మిషనే. కాకపోతే మన ఇష్టమొచ్చినట్టు తోయడానికి ఉండదు. దానితో గైడ్ రైల్ అని ఒక అల్యూమినియం పట్టా వస్తుంది. పట్టాను చెక్క మీద పరిచి, మిషన్ను దాని మీదికెక్కించి, బ్లేడును కిందికి నొక్కి తోస్తే పక్కకు పోదామన్నా పోదు. తుమ్మొచ్చినా, వెనక నుంచి బావమరిది పిలిచినా కోత మాత్రం తిన్నగా సాగుతుంది.

దాన్ని అబిడ్స్‌లో ఒక పనిముట్ల దుకాణంలో కొన్నాను. దుకాణదారు మామూలు సర్క్యులర్ సా చూపించి, దానికో కర్ర పట్టీ అడ్డం కట్టుకుంటే సరిపోతుంది కదా అన్నాడు. సరిపోదని ముప్పై ఏళ్లుగా నాకు తెలుసు. కర్ర వంగుతుంది, మనిషీ వంగుతాడు. గైడ్ రైల్‌ను కంటికి ఆనించి, తుపాకి గురి చూసినట్టు చూశాను. ఎంత తిన్నగా ఉందంటే, దాని వెంట చూస్తే గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు గోడ గడియారం నిమిషాల ముల్లు కదలడం కనిపించింది. తొమ్మిదడుగుల రైలు ఒక్కటే తీసుకుంటే ఆటోలో పట్టదు. అందుకని నాలుగున్నర అడుగులవి రెండు, వాటిని కలిపే కనెక్టర్ తీసుకున్నాను.

నాకంటే పదేళ్లు పెద్దవాడూ, ఇరవై ఏళ్లుగా నాతో పనిచేస్తున్నవాడూ అయిన యాదగిరి మేస్త్రి ఆ పెట్టె విప్పుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నాంపల్లి టేషన్ల పట్టాలు చాలలేవా చారీ, గీడ ఇంకో పట్టా ఏస్తున్నవ్?"

అంతటితో ఆగలేదు. రైలు అంచున బయటికి పొడుచుకొచ్చిన రబ్బరు పట్టీ చూసి, పాత మాల్ అంటగట్టారని తీర్మానించి, ఉలి తీసుకుని దాన్ని చెక్కబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ రబ్బరును మొదటి కోతలో మిషనే కోసుకుంటుంది. అప్పటి నుంచి రబ్బరు అంచు ఎక్కడుంటే బ్లేడు అక్కడే దిగుతుంది. అంచును గీత మీద పెడితే చాలు. అంతా విని, చేతిలో పనిలేనివాడికే పట్టా కావాలన్నాడు యాదగిరి. మూడు వారాలు నేను ప్లైవుడ్ కోస్తూ, నా పట్టా పరువు నిలబెట్టే పని కోసం ఎదురుచూశాను.

ఆ పని సుగుణమ్మ టీచర్ రూపంలో వచ్చింది.

ఆమెది మెదక్. అబిడ్స్ వెనక ఒక పాత మేడ మీద చాలా ఏళ్లుగా కుట్టు క్లాసులు నడుపుతోంది. ఆ మేడ కూలగొడుతున్నారు. శనివారానికల్లా గది ఖాళీ చేసి, కాచిగూడలో చూసుకున్న కింది గదికి మారాలి. మిషన్లు దిగుతాయి, బీరువా దిగుతుంది. గుడ్డలు కత్తిరించే బల్ల మాత్రం దిగదు. పన్నెండడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందం టేకు. కాళ్లు విప్పినా పైచెక్క మెట్ల మలుపు తిరగదు. కిటికీకి గ్రిల్లు, బయట కరెంటు తీగలు. దాన్ని ఎవరో పాతకాలపు మేస్త్రి ఆ గదిలోనే కూర్చుని చేసినట్టున్నాడు. పాత కర్ర కొనేవాడు వచ్చి, గొడ్డళ్లతో నరికి పట్టుకుపోతానన్నాడట.

"నా బల్లను సంపకుండ కిందికి దించాలె చారీ. అది లేకుంటె నా దగ్గర క్లాసు లేదు," అంది.

వెళ్లి చూస్తే ఆమె మాట అర్థమైంది. బల్ల అంచు వెంబడి అంగుళానికొకటి చొప్పున నూట నలభై నాలుగు ఇత్తడి మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. అమ్మాయిలు గుడ్డ పరిచి, మేకులు చూసుకుంటూ కొలుస్తారు. పైభాగం అద్దంలా నున్నగా ఉంది. చిన్న పెచ్చు లేచినా పట్టుగుడ్డ దారం తగులుకుని చిరుగుతుంది.

సగానికి కోసి, దించి, అక్కడ మళ్లీ కలుపుతానన్నాను. యాదగిరి నా చెవిలో ఇది అయ్యే పని కాదు, పోదాం పద అన్నాడు. ఆయన భయంలో న్యాయముంది. చేతి రంపంతో కోస్తే అంచు పళ్లు పళ్లుగా వస్తుంది. దాన్ని చిత్రిక పట్టి నున్నగా చేసేసరికి అటో సూతు, ఇటో సూతు పోతుంది. సూతు అంటే మాకు అంగుళంలో ఎనిమిదో వంతు.

నా మిషన్‌తో చిత్రిక పని ఉండదు, కోసిన అంచు కోసినట్టే అతుకుతుంది అని గొప్పగా చెప్పాను. సుగుణమ్మ కళ్లద్దాలు పైకి నెట్టుకుంది.

"మంచిదే. నీ బ్లేడు ఎంత తింటది?"

కోతలో పొట్టుగా పోయే మందాన్ని కెర్ఫ్ అంటాం. నా బ్లేడుది రెండు మిల్లీమీటర్ల పైన ఓ వెంట్రుక. అంతే కదా టీచరమ్మా అన్నాను.

"అంతేనా? మేకులు సూసే పిల్లలు కొలత నేర్సుకుంటరు. తప్పు బల్ల మీద నేర్సుకున్నదానికి బతుకంత తప్పే వస్తది. గట్లయితె గొడ్డలోన్నే పిలుస్త."

యాదగిరి గోడ వైపు తిరిగి మీసం దువ్వుకున్నాడు. అప్పుడు నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కింద అబిడ్స్ హారన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయినట్టనిపించింది. వెంటిలేటర్ మీది పావురం మెడ తిప్పి నన్నే చూసింది. ఉన్నట్టుండి నా బుర్రలో మెరుపు మెరిసింది. బ్లేడు తిన్నంత మందం పట్టీ వేరే కర్రతో చేసి మధ్యలో పెడితే సరి. తిన్నది తిన్నట్టు తిరిగిచ్చేస్తాం. సరే, కానియ్ అంది సుగుణమ్మ.

శుక్రవారం పొద్దున పని మొదలుపెట్టాం. కుట్టు బల్ల కాబట్టి చెక్కల అతుకుల్లో ఏళ్ల తరబడి విరిగిన సూది మొనలు ఉంటాయి. ఒక్క మొన తగిలినా బ్లేడు పన్ను పోతుంది. సుగుణమ్మ సూదులేరే అయస్కాంతాన్ని గీత వెంట జరిపితే మూడుచోట్ల లాగింది. మూడింటినీ పట్టకారుతో పీకాను. డెబ్బై రెండో మేకుకూ డెబ్బై మూడో మేకుకూ మధ్య గీత గీసి, కోశాక బల్ల కూలకుండా రెండు సగాల కిందా స్టాండ్లు పెట్టాం. పొట్టు ఎగరకుండా మిషన్‌కు వాక్యూమ్ గొట్టం తగిలించాం. రైలు పరిచాను. పదిహేను మంది అమ్మాయిలు, టీ తెచ్చినాయన, ఏం జరుగుతోందో చూద్దామని మెట్లెక్కిన ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు చుట్టూ మూగారు.

నొక్కాను, తోశాను. ఊపిరి రెండుసార్లు పీల్చేంత సేపే అనుకోండి. మిషన్ ఆపాక కూడా బల్ల కదల్లేదు. తాను రెండు ముక్కలైన సంగతి బల్లకే తెలియలేదు. యాదగిరి వచ్చి ఒక సగాన్ని వేలితో తోస్తే అప్పుడు తెలుసుకుని పక్కకు జరిగింది. ఆయన ఆ అంచును బొటనవేలితో కొస నుంచి కొసకు రుద్దాడు. ఇంకోసారి రుద్దాడు. "ఔ," అన్నాడు. ఇరవై ఏళ్లలో ఆయన నాకిచ్చిన మెప్పు మొత్తం కలిపితే ఆ ఒక్క అక్షరమే.

పట్టీ కోసం నల్లటి రోజ్‌వుడ్ తీసుకున్నాను. పనికిరాని చెక్క మీద అదే బ్లేడుతో కోత పెట్టి, ఆ సందులో బిగుతుగా దూరేదాకా పట్టీని సన్నం చేశాను. దాన్ని ఒక సగం అంచుకు అంటించి ఆరబెట్టాం. శనివారం రెండు సగాలూ మెట్ల మలుపులో బుద్ధిగా తిరిగి కిందికి దిగాయి. కాచిగూడలో వాటిని కలిపి, కింది వైపు నుంచి బోల్టులు బిగించాం. టేకు మధ్య సన్నటి నల్ల గీత, అంతే.

నేను టేపు తీయబోతే సుగుణమ్మ వద్దంది. "నీ టేపు కొన వదులున్నది, నేను సూసిన." తన గుడ్డ టేపు పరిచి, గీతకు అటూ ఇటూ మేకులు చూసింది. తర్వాత రెండు కొసల నుంచీ లెక్క చూసింది. వెంట్రుక తేడా లేదు. అప్పుడు సంచిలోంచి తన పెళ్లినాటి తెల్ల పట్టుచీర తీసి, బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు ఈడ్చింది. చీర నల్ల గీత మీదికి వచ్చింది, దాటింది, ఎక్కడా ఆగలేదు. ఒక్క దారం లేవలేదు.

ఆమె చీర మడతపెట్టి, అమ్మాయిల వైపు తిరిగి, సుద్దలు తియ్యమంది. క్లాసు మొదలైంది. మేమింకా పనిముట్లు సర్దుకుంటూనే ఉన్నాం.

అప్పటి నుంచి ఎవరైనా నా పట్టాను వెక్కిరిస్తే యాదగిరే కొట్లాటకు పోతాడు.

ఇక మొదట్లో వేసిన ఒట్టు సంగతి. బ్యాంకు గడియారం నిజం, నా కళ్లు అంత మంచివి. పావురం నిజం. బల్లకు తెలియకపోవడమూ నిజం, యాదగిరిని అడగండి. కల్పించింది ఒకటే ఉంది. ఆ మెరుపు నా బుర్రలో మెరవలేదు. నేను కిటికీ దగ్గర నిలబడింది ఆలోచన కోసం కాదు, ముఖం దాచుకోవడానికి. అప్పుడు వెనక నుంచి, చేతిలో ఉన్న జాకెట్టు మెడకు దారం తెంపుతూ సుగుణమ్మే అంది.

"గుడ్డ తక్కువైతె ఏం జేస్తం చారీ? పట్టీ ఏస్తం."

మూడేళ్లుగా ఆ పట్టీ నా ఆలోచనేనని అందరికీ చెప్పుకుంటున్నాను. గైడ్ రైల్ కోతను తిన్నగా పోనిస్తుంది కానీ కోత తిన్నదాన్ని లెక్కలోకి తీసుకోదు. అది మనిషి చూసుకోవాలి. ఆ మనిషికి మన పని తెలిసి ఉండనక్కర్లేదని ఆమె దగ్గర నేర్చుకున్నాను. నేనాడిన అబద్ధం కూడా బ్లేడు మందమే. ఇదిగో, దానికీ పట్టీ వేశాను.