చిలకకు కొమ్ము

“ఆవిడ కాదంటే కాదని కాదు. అలాగని అవుననీ కాదు. ముందు ఆ సంగతి బుర్రకెక్కించుకోండి, తర్వాత కుర్చీలో కూర్చోండి.”

తలుపు తీస్తూనే ఆయన అన్న మాట ఇది. నేనింకా చెప్పులైనా విడవలేదు.

లోపల కిటికీ పక్కన మంచం. తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. ఆయన భార్య మూడు దిళ్ళకి ఆనుకుని కూర్చుని, ఒళ్ళో ఉన్న తువ్వాలుని ఎడం చేత్తో మడత పెడుతోంది. కుడిచెయ్యి పక్కమీద ఎవరో మర్చిపోయిన వస్తువులా పడి ఉంది. నన్ను చూసి, “కాదు,” అంది.

“ఇది రమ్మనే కాదు,” అన్నారాయన. “గొంతు దిగి వస్తే దాహం. వెంట వెంట రెండుసార్లొస్తే పక్క మార్చాలి. పళ్ళ మధ్య నుంచి వస్తే నామీద కోపం. ఇదంతా నేను కట్టుకున్న నిఘంటువు లెండి. డాక్టరుగారు ఒప్పుకోరు.”

ఎనిమిది నెలల కిందట ఒక పొద్దున్న ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. ఆ మిగిలింది కాస్తా ‘కాదు’.

మా బిల్డింగులో ఆయన్ని ఒత్తులాయన అంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. మెట్ల దగ్గర ‘చెప్పులు ఇక్కడ విడువరదు’ అన్న బోర్డులో దీర్ఘం లేదని, ఎర్ర పెన్నుతో దీర్ఘం పెట్టి, మార్జిన్‌లో గుర్తు కూడా వేసిన మనిషి. బోర్డుకి మార్జిన్ ఎక్కడిదని అడక్కండి. గోడే మార్జిన్.

ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో పనిచేసింది. ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు మడతపెట్టింది. చదువు ఏడో తరగతి. ఇద్దరూ పోయినేడాది ఒకే నెలలో రిటైరయ్యారు.

“రిటైరయ్యేదాకా ఈ ఇంట్లో మాటలెక్కడివి?” అన్నారు ఆయన, నా ఎదురుగా స్టూలు లాక్కుని. “పొద్దుటి నుంచీ అక్షరాల్లో ఈదేవాడికి ఇంటికొచ్చాక మాటంటే వెగటు. అన్నం పెట్టనా అంటే ఊ. చల్లారిందా అంటే ఊహూ. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం ఊ, ఊహూల్లో దొర్లిపోయింది. ఇప్పుడావిడ ఒక్క మాటతో సంసారం లాగుతోందంటే నేను నేర్పిందే మరి.”

“కాదు,” అంది ఆవిడ.

“అదిగో. మర్యాదకి అంటోంది.”

రిటైరైన మూడోవారం ఆయన పాత ప్రూఫు కాగితం వెనక గళ్ళు గీసి, పొద్దుపోక ఒక పజిల్ కూర్చారట. అడ్డం, నిలువు, ఆధారాలు. ఆవిడ భుజం మీదుగా చూసి, “ఈ ఆధారం చచ్చు. ఎవరైనా చెప్పేస్తారు. నే చెప్తా, రాసుకోండి,” అంది. గొడుగుకి ఆధారంగా ఆయన ‘వాననుంచి కాపాడునది’ అని రాసుకున్నారు. ఆవిడ దాన్ని కొట్టించి, ‘తను తడిస్తేనే పరువు’ అని రాయించింది.

ఆ రోజు మొదలు. వారానికొక పజిల్. సోమవారం పొద్దున్న కింద ఉత్తరాల పెట్టెల పక్కన అంటించేవారు. ఆధారాలు ఆవిడవి, అక్షరాలు ఈయనవి. రెండో అంతస్తు పళ్ళడాక్టరు, లిఫ్టు మెకానిక్కు, నేను, అందరం అక్కడే నిలబడి తగువులాడుకునేవాళ్ళం. ఆవిడ పైమెట్టు మీద నక్కి మా తప్పుల్ని వింటూ నవ్వేదని నాకు ఆయన చెబితేనే తెలిసింది. బజారుకెళ్ళి కూరలు మర్చిపోయి వచ్చి, “పదం దొరికిందండీ!” అనేదట, పోయిన బొత్తాం దొరికినట్టు. ఇద్దరూ బస్సెక్కి ఆఖరి స్టాపుదాకా ఊరికే వెళ్ళి వచ్చేవారు, జనం మాటలు వినడానికి.

“పోయినేడు మేం మాట్లాడుకున్నంత, పెళ్ళైన దగ్గర్నుంచీ మాట్లాడుకోలేదు. తగువులు కూడా అప్పుడే నేర్చుకున్నాం. తొమ్మిదో పజిల్లో నేను ‘అలుక’ అని రాశాను. ఆవిడ అలక అంది. నిఘంటువు తెచ్చి చూపించాను. ఏమందో తెలుసా? ‘అలిగేది నేను, కొమ్ము పెట్టేది మీరా?’ అంది. రెండ్రోజులు నిజంగానే అలిగింది. కొమ్ము మాత్రం నేను తియ్యలేదు. అచ్చులోకి వెళ్ళేది అచ్చుతప్పుతో వెళ్ళకూడదు కదండీ.”

ఆయన నవ్వారు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. గుమ్మంలో ఆయన కూతురు నిలబడి ఉంది, చేతిలో మడతపెట్టిన నైటీలు. ఆ అమ్మాయి బస్సు డిపోలో డ్యూటీలు వేస్తుంది. ఈ వారం సెలవు పెట్టి వచ్చింది.

“నాన్నా, సంచిలో ఇవి చాలా? హోం వాళ్ళు ఆరు జతలన్నారు.”

“ఇంకా గురువారం కాలేదుగా.”

“గురువారం మాత్రం మేడం కొత్తగా ఏం చెప్తుంది?” అని, నావైపు తిరిగింది. “మీరైనా చెప్పండి. బాత్రూంలో రెండుసార్లు అమ్మని పడేశారు. ఈయన్నెవరు లేపారనుకున్నారు? పళ్ళడాక్టరు.”

“పడెయ్యలేదు. ఇద్దరం పడ్డాం.”

విషయం ఇది. మాటలు నేర్పడానికి ఆస్పత్రి నుంచి వచ్చే స్పీచ్ మేడం గురువారం ఆఖరుసారి వస్తుంది. ఆయన భార్యకి ఏమన్నా అర్థమవుతున్నట్టు కనిపిస్తే శిక్షణ సాగుతుంది, ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, ఎత్తి దించడానికి ఒక మనిషిని కూడా పంపుతారు. లేదంటే మేడం కాగితం మీద ‘గ్రహించుట లేదు’ అని రాసి సంతకం పెడుతుంది. శుక్రవారం మంచాన పడ్డవాళ్ళ హోం నుంచి ఆవిడని తీసుకెళ్ళడానికి వ్యాను వస్తుంది. ఆ హోంలో, గ్రహించని వాళ్ళని మేడమీద పెడతారు. అక్కడివాళ్ళని చూడ్డానికి ఆదివారం ఒక్కపూటే వదుల్తారు.

“పోయినసారి బొమ్మలు చూపించి పరీక్ష పెట్టింది,” అన్నారాయన. “ఇది చెంచానా? కాదు. ఇది దువ్వెనా? కాదు. సగం ప్రశ్నలకి కాదనేదే సరైన జవాబు. యాభైకి ఇరవై అయిదు, పాసే కదా మేడం, అన్నాను. మేడం నవ్వలేదు.”

“నవ్వే సంగతా నాన్నా ఇది? మనం ఏది తోస్తే అది అనుకుంటున్నాం. రమ్మనే కాదు, దాహం కాదు... అమ్మకి తెలియట్లేదు. తెలియనప్పుడు ఎక్కడున్నా ఒకటే.” ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె తల్లివైపు చూడలేదు.

ఆయన లేచి, అలమరలోంచి దళసరి ఫైలు తెచ్చారు. మొత్తం నలభై ఒక్క పజిల్స్. అన్నిటికన్నా పైన ఉన్నది నలభై ఒకటోది. మూలలు నలిగి గుడ్డలా అయింది.

“ఇది అంటించలేదు. పూర్తికాలేదు. ఆ సాయంత్రం గళ్ళన్నీ నింపాను, ఒక్క నిలువు రెండు తప్ప. అది నువ్వే చెప్పాలన్నాను. ఆవిడ ఆధారం తన చేత్తోనే రాసింది, చూడండి.”

ఏడో తరగతి గుండ్రటి అక్షరాలు: ‘వస్తుంది, పోతుంది. గడియ పెట్టలేం.’ మూడు గళ్ళు. నడిమి గడిలో ‘లు’ ఉంది. పైనా కిందా ఖాళీ.

“ఇంతకీ ఏమిటది అంటే కాగితమంతా ఒకసారి చూసి నవ్వింది. ‘మీరెక్కడో ఒక తప్పు చేశారు. అది మీ కళ్ళకి కనపడదు. రేపు చెప్తా,’ అంది. ఆ రేపు రాలేదు. తప్పు నా కళ్ళకి కనపడదా! ముప్ఫై ఎనిమిదేళ్ళ కళ్ళండీ ఇవి. భూతద్దం పెట్టి వెతికాను. ఎక్కడా తప్పు లేదు. గెలుపు అన్నాను, అలుపు అన్నాను, మలుపు, పిలుపు... గడియ ఉంది కదా అని తలుపు కూడా అన్నాను. తలుపుకి గడియ పెట్టగలం కదా, మరి పెట్టలేం అంటుందేం? అన్నిటికీ కాదే. రోజూ సాయంత్రం మొదటినుంచీ చదివి వినిపిస్తాను. ఏనాటికైనా ఒక్కదానికి కాదు అనకుండా ఊరుకోకపోతుందా అని.”

కాగితం నా చేతిలో పెట్టారు. “ఇవాళ మీరు చదవండి. నా గొంతు విని విని విసిగిపోయి ఉంటుంది.”

నేను కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను.

“అడ్డం ఒకటి. కాళ్ళు లేకుండా ఊరంతా తిరిగేది. పుకారు.”

“కాదు.”

“అడ్డం మూడు. చేతికి దొరకదు, నోటికి దొరుకుతుంది. సామెత.”

“కాదు.” తువ్వాలు రెండో మడత పడింది.

“అడ్డం నాలుగు. నేర్పిన మాటే పలుకుతుంది. చిలక.”

ఆవిడ చెయ్యి ఆగింది. ఏమీ అనలేదు. వంటింట్లో కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. నేను కాసేపు చూసి, తర్వాతిది చదవబోయాను.

“ఆగండాగండి,” అన్నారు ఒత్తులాయన. “ఏమని చదివారు?”

“చిలక.”

“అక్కడున్నదేమిటి? కళ్ళు పెట్టి చదవాలి. కొమ్ము కనపడ్డం లేదూ? చి, లు, క. చిలుక!”

“కాదు!” అంది ఆవిడ. అంత గట్టిగా అనడం ఆ ఇంట్లో నేను వినలేదు. కూతురు చేతిలోని నైటీలతో అలాగే రెండడుగులు లోపలికి వచ్చింది.

ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయారు. తర్వాత చాలా నెమ్మదిగా, బడిలో తప్పు చెప్పిన పిల్లవాడు మళ్ళీ చెప్పినట్టు, “చిలక?” అన్నారు.

ఆవిడ ఏమీ అనలేదు. ఆయన్నే చూసింది.

ఆయన నా చేతిలోంచి కాగితం లాక్కున్నారు. చొక్కా జేబులో పెన్ను కోసం తడుముకుని, దొరక్క, గోటితోనే నడిమి గడిలోని కొమ్ముని గీకడం మొదలుపెట్టారు. కాగితం లేచిపోయింది. “ల,” అన్నారు. “లు కాదు. ల. పైన త, కింద పు. తలపు. తలుపు కాదు నాయనా, తలపు! వస్తుంది, పోతుంది. గడియ పెట్టలేం.” మంచం అంచున కూలబడ్డారు. “నేను కొమ్ము పెట్టి దాన్ని తలుపు చేసి మూసేశాను. చిలకకి కొమ్ములుంటాయిటోయ్ ఎక్కడన్నా? చెప్పు! తలపే కదూ?”

“కాదు,” అంది ఆవిడ.

ఆయన తల పక్కకి వంచి విన్నారు, ఆ కాదు ఏ కాదో తేల్చుకోవడానికి. తేలినట్టు లేదు.

“చిలక,” అన్నారు మళ్ళీ.

“కాదు.”

“ఇందాక ఊరుకున్నావుగా. చిలక.”

“కాదు. కాదు.” పక్క మార్చాలన్న మాటేమో. తువ్వాలు ఒళ్ళోంచి జారి కింద పడింది.

కూతురు వంగి తీసింది. “నాన్నా,” అంది. ఈసారి గొంతులో ఆ గట్టితనం లేదు. “రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి అనేసింది. ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు ఊరుకుని ఉండదూ? మేడం ముందు ఇది నిలబడుతుందా?”

“నిలబడదు,” అన్నారాయన వెంటనే. “నాకు తెలుసు.”

తండ్రీకూతుళ్ళు చెరోవైపూ పట్టి ఆవిడని గోడవైపు తిప్పారు. నడుం దగ్గర ఆయన పట్టు జారింది. కూతురే ఆపుకుంది. ఆయన దిండు సర్ది వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

“వ్యాను రానీ అమ్మా,” అన్నారు. “నేను ఎత్తలేను, అది నిజమే. కానీ ఆ కాగితం మీద గ్రహించుట లేదు అని మాత్రం రాయనివ్వను. గ్రహించింది. గ్రహించనిది నేను.”

కూతురు తువ్వాలుని నాలుగు మడతలు పెట్టి తల్లి ఎడం చేతికింద ఉంచింది. “అడుగుతాను నాన్నా,” అంది. “రాయకపోతే కింది అంతస్తులో పెడతారేమో అడుగుతాను.” చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను లేచాను. ఆయన గుమ్మందాకా వచ్చారు, కాగితం ఇంకా చేతిలోనే ఉంది. గీకినచోట చిన్న చిల్లు పడి, అందులోంచి ఆయన బొటనవేలు కనిపిస్తోంది.

“రోజూ సాయంత్రం,” అన్నారు, లోపలికి వినపడకుండా. “ఎనిమిది నెలలు. రోజూ ఇది చదివి, చిలుక అనేవాణ్ణి. రోజూ కాదు అని చెప్పింది. ఎంత ఓపిగ్గా చెప్పింది! నేనేమో లేచెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చేవాణ్ణి.”

నేను చెప్పులు తొడుక్కున్నాను.

“మీరు మా సంగతి రాస్తారని పళ్ళడాక్టరు చెప్పాడు. రాసుకోండి. ఒక్కటే చెప్తాను వినండి. చిలక అని రాయండి. అచ్చాఫీసులో నాలాంటి వాడొకడు తప్పకుండా ఉంటాడు, దానికి కొమ్ము పెడతాడు. నిఘంటువు తెచ్చి చూపిస్తాడు కూడా. ఒప్పుకోకండి. ఇక వెళ్ళిరండి. కాదు, ఆగండి... ఒకసారి లోపలికొచ్చి, ఆవిడకి చెప్పి వెళ్ళండి.”