పుస్తకం మీద కూర్చున్న గోపాలసామి

సింగానల్లూరు మిల్లులో ఫిట్టరు గోపాలసామికి ఒక వింత అలవాటుండేది. నచ్చని నవల మీద కూర్చునేవాడు. ఊరికే కూర్చోడు. ముందు సరస్వతికి చెంపలు వేసుకుని, పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే శిక్ష అమలు చేసేవాడు. విసిగించిన నవలకు ఒక పూట. హీరోయిన్ని అన్యాయంగా చంపినదానికి రోజంతా.

అన్నం వేళ నూలు చుట్టే రీలింగు ఆడవాళ్ళకు అరవ నవలలను ఇంటి తెలుగులోకి తిప్పి చెప్పేది ఆయనే. ఆ ఏడు కోయంబత్తూరంతా ఒకే ప్రేమ నవల చదివి పడీ పడీ నవ్వుతోంది. అందులో వసంత అనే నత్తి పిల్ల వెంట ఓ కుర్రవాడు పడతాడు. అందరూ నవ్వుతూ వింటుంటే రంగనాయకి ఒక్కతే ఊపిరి బిగబట్టి వినేది. ఆమెకూ నత్తి. శుక్రవారం తిరుమంగళం నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారు. నోరు తెరిస్తే సంబంధం పోతుందని వాళ్ళమ్మ భయం, మూసుకుంటే మోసమవుతుందని రంగనాయకి భయం. వసంతకు పెళ్ళయితే తానూ నోరు తెరవాలని లోలోపల తీర్మానించుకుంది.

గురువారం కథ ముగింపు. వెళ్ళి చూస్తే గోపాలసామి ఆ పుస్తకం మీదే కూర్చుని ఉన్నాడు! వసంతకు ఏదో అన్యాయమే జరిగి ఉంటుందనుకుంది రంగనాయకి.

"ఏమణ్ణా, ఊరంతా మెచ్చిన కదైని కింద వేసుకున్నారే?" అంది రీలింగు తంగమ్మాళ్.

"ఊరికి బుద్ధి లేదు. రాసినోడికి మొదలే లేదు."

"సీక్కిరం, తొరగా చెప్పండి, అన్నం వేళ అయిపోయి మిల్లు సంగు ఊదేస్తారు! వసంతకి పెండ్లి అయిందా, లేదా?"

గోపాలసామి క్యారియరు మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. రంగనాయకి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఆమె వైపు చూశాడు.

"అయింది. ఆ పిల్ల మాట ముగించేదాకా, గ్లాసులో కాపీ ఆరిపోతున్నా కాచుకొని కూర్చున్నాడు పిల్లోడు."

"బాగుండాది కదా! మరి దానిమీద కూర్చున్నారేంటికి?"

"ఆరిపోయిన కాపీ తాగే మొగోడు నాకు సరిపడడు!"

మర్నాడు అమ్మ కళ్ళురుముతున్నా రంగనాయకి నోరు తెరిచింది. "రం... రం..." అంటూ తన పేరు దగ్గరే ఆగిపోయింది. పెళ్ళికొడుకు నాగరాజన్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"నిదానంగానే చెప్పు. మా బస్సు సాయంత్రమే."

సోమవారం రంగనాయకి సంబంధం కుదిరిందని తాంబూలం పళ్ళెంతో మిల్లుకు వచ్చింది. గోపాలసామి ఇంకా ఆ నవల మీదే ఉన్నాడు. ఏ పుస్తకానికీ అంత శిక్ష పడింది లేదు. తాంబూలం కూర్చుని పుచ్చుకోకూడదు కనుక, పాపం, లేవక తప్పలేదు.

రంగనాయకి పుస్తకం అందుకుని, మూడో క్లాసు అరవంతో కూడబలుక్కుంటూ చివరి పేజీ చదివింది. వసంత నోరు తెరవగానే పెళ్ళికొడుకు గోడ దూకి పారిపోయాడు. పందిరంతా విరగబడి నవ్వింది. కథ అయిపోయింది.

"అది అచ్చాఫీసువాళ్ళ తప్పు అమ్మణీ," అని గొణిగాడు గోపాలసామి.

రంగనాయకి చెంపలు వేసుకుంది. పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. దాన్ని స్టూలు మీద పెట్టి తాపీగా దానిమీద కూర్చుంది.

"మీ... మీరు పోయి తినండణ్ణా. ఈ పూటకి నే... నేను చూసుకుంటా."