ఫోర్త్‌విత్ ఎవరికి?

"ఫోర్త్‌విత్" అన్న మాటను నేను మొదటిసారి చూసింది మేముండే ఒంటిగది ఖోలీని ఖాళీ చేయమనే ఒప్పంద కాగితంలో. ముంబయి గ్రాంట్ రోడ్‌లో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను, రోజంతా ఇంగ్లిషు వింటూనే ఉంటాను. నొప్పితో దవడ పట్టుకుని వచ్చినవాళ్ళు కూడా "ఫోర్త్‌విత్ పీకండి" అనగా వినలేదు.

అది పాతకాలం కోర్టు మాటనీ, అందం కోసం వేస్తారనీ, పట్టించుకోవద్దనీ బిల్డర్ మనిషి మెత్తగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. అందానికి ముగ్గేస్తారు గానీ, ఒప్పందంలో అందమేమిటి? ఫోన్‌లో వెతికితే, వెంటనే, ఆలస్యం లేకుండా అని అర్థం. మనుషులు ఆ మాటను వదిలేసినా ఒప్పందాలు వదల్లేదన్నమాట.

కామాఠీపురాలో ఈ ఒక్క ఖోలీ తప్ప అమ్మకు ఇంకేమీ లేదు. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చిన తాత దక్కించుకున్న చోటు. ఆమె వేలిముద్ర వేస్తే, పాత కట్టడం కూల్చి కొత్త ఇల్లు కట్టి ఇస్తామని కాగితం. అమ్మకు అందరిమీదా అనుమానమే, చివరికి నామీద కూడా. బిల్డర్ మనిషితో నేను చాయ్ తాగానని ఎవరో చేరవేశారు. తాగిన మాట నిజమే.

అమ్మకు ఆ మాట అర్థం చెప్పాను. కట్టాలంటే మనం వెంటనే లేవాలి కదా, వేలిముద్ర వేసేయమని కూడా అన్నాను. అమ్మ పుంటికూర ఏరుతూ విన్నది.

"గా మాట మనం పొయ్యేకాడనే ఉందా? ఆయన ఇల్లిచ్చేకాడ గూడ ఉందా?"

మళ్ళీ చదివాను. మేం ఖాళీ చేసేచోట ఫోర్త్‌విత్. అతను ఇల్లిచ్చేచోట "తగిన సమయంలో". సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాటకు అర్థం వెతికాను గానీ, దాన్ని ఎవరికి తగిలించారో చూడలేదు.

"ఏరు దాటేదాంక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న, బిడ్డా," అన్నది అమ్మ.

మర్నాడు అతను ఇంకు ప్యాడుతో వచ్చాడు. తన వంతు దగ్గర కూడా ఆ మాట రాస్తే అప్పుడు వేలిస్తానంది అమ్మ. నేను హిందీలో చెప్పాను. అతను నవ్వి, అక్కడ ఆ మాట రాసే వాడుక లేదన్నాడు. అమ్మ బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది. అందం కోసమే అన్న ఆ ఒక్క మాట తన వైపు రాయడానికి అతనికి చెయ్యి రాలేదు. ప్యాడు మూసి మెట్లు దిగిపోయాడు.

ఖోలీ మాకు మిగిలింది. అమ్మ నావైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు, ఆయన చాయ్ ఎట్లుండె?"