అత్త మోగించిన నిమిషం

మా మేనత్తను ఊరంతా సైరనమ్మ అనేవారు. నూలు మిల్లులో షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ మోగించడం ఆవిడ పని. ఊళ్ళో సగం గడియారాలు ఆవిడ చేతిమీదే నడిచేవి. ఎప్పుడైనా కాస్త ఆలస్యమైతే, "ఏంటి సైరనమ్మా, కునుకు పట్టేసిందా?" అని కూరగాయల బండివాడు కూడా వేళాకోళమాడేవాడు. అత్త పడి ఉండే రకం కాదు. "నీ తూకం కన్నా నా టైము నయమేలే" అనేది.

ఆ ఉద్యోగం ఆవిడ కోరి తెచ్చుకున్నది కాదు, మా మామయ్య ప్రాణానికి బదులుగా వచ్చింది. మామయ్య అదే మిల్లులో ఫిట్టరు. జైల్లో పెట్టిన తోటివాళ్ళను వదలమని ఒకరోజు కార్మికులంతా గేటు ముందు కూర్చున్నారు. సైనికులు కాల్చారు. పోయినవాళ్ళను లారీల్లో వేసుకుని ఎటో తీసుకుపోయారు. ఎక్కడ పూడ్చారో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు. మొగుడు పోయాడన్న కబురైతే అత్తకు అందింది గానీ, వెళ్ళి కూర్చుని ఏడవడానికి జానెడు చోటు మిగల్లేదు.

ఆ ప్రభుత్వం పడిపోయాక వచ్చినవాళ్ళు ఆ తేదీని సంస్మరణ దినం చేశారు. దేశమంతా సెలవు. పొద్దున పది గంటలకు మిల్లు సైరన్ ఒక నిమిషం పాటు మోగాలి. అది మోగినంతసేపూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోవాలి. పోయినవాళ్ళ భార్యలకు మిల్లులో తలా ఒక పని ఇచ్చినప్పుడు, అత్తకు సైరన్ గది వచ్చింది.

ఆ గదికి కిటికీ లేదు. ఒకప్పుడు పాత సామాన్లు పడేసుకునే కొట్టు అది. గోడకు ఒక ఇనుప పిడి, పైన గడియారం, కింద స్టూలు, అంతే. పిడిని కిందికి లాగి పట్టుకుంటేనే కప్పు మీద సైరన్ మోగుతుంది, వదిలితే మూలుగుతూ ఆగిపోతుంది. అందువల్ల ఊరంతా తన మొగుడి కోసం నిలబడే ఆ నిమిషాన్ని అత్త ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. రెండు చేతులా పిడి పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండేది.

నేను బస్సు డ్రైవర్ని. మిల్లు కూడలి నా రూటులోనే ఉంది. మొదటి ఏడు, ఆ సాయంత్రం డ్యూటీ దిగి అత్త ఇంటికి వెళ్ళాను. గ్లాసుడు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆగారట్రా?"

"అందరూ ఆగారత్తా."

"అలా గంపగుత్తగా చెప్తే ఎలా? ఎవరెవరు ఆగారో చెప్పు."

చెప్పాను. టీకొట్టు ముసలాయన టీ పోస్తూ పోస్తూ కెటిల్ గాల్లోనే పట్టుకుని నిలబడిపోయాడని చెప్పాను. మంగలి షాపులోంచి ఒకాయన సగం గడ్డానికి నురగతో బయటికొచ్చి నిలబడ్డాడని, జన్మలో ఎవరికీ తలవంచని ట్రాఫిక్ పోలీసు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడని, నా బస్సులో ఒకావిడ ఏడుస్తున్న చంటిదాన్ని గుండెకు అదుముకుందని చెప్పాను. అత్త కళ్ళు మూసుకుని వింది. నేను ఆగినప్పుడల్లా "ఉఁ, తర్వాత?" అంది. అంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని, "వెళ్ళి చూసొచ్చినట్టే ఉందిరా" అంది. సమాధి దగ్గరికి వెళ్ళొచ్చినట్టుందని ఆవిడ మాట. ఆ తర్వాత ఏటా మాకిద్దరికీ అదే అలవాటైంది.

కొన్నేళ్ళకు, ఆ దినం పెట్టిన పార్టీలోనే కొత్త నాయకులు పైకొచ్చారు. ఏడుస్తూ కూర్చుంటే దేశం ముందుకు పోదని వాళ్ళకు తోచింది. సంస్మరణ దినం కాస్తా విజయ దినం అయింది. జెండాలు, బ్యాండు, కవాతు. సైరన్ మోగితే నిలబడడం కాదు, చప్పట్లు కొట్టాలి. అత్తను వేదిక ఎక్కించి మెడలో పతకం వేశారు.

"కొంచెం నవ్వండమ్మా, పండగ పూట" అన్నాడు ఫోటో తీసేవాడు.

"నువ్వు నవ్వు నాయనా, నేను చూస్తాను" అంది అత్త.

ఆ సాయంత్రం మామూలుగానే అడిగింది. చప్పట్ల సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఆగారత్తా."

"కెటిల్ ఆయన?"

"ఆయనా ఆగాడు."

ఆ ఒక్క ముక్కా నిజం. కూడలి మొత్తానికి ఆగింది ఆయనొక్కడే. మిగతావాళ్ళందరినీ నా నోటితోనే ఆపాను.

ఆ తర్వాత ఎన్నికల్లో వీళ్ళు ఓడిపోయి, ఆనాడు కాల్పించినవాళ్ళ వారసులు గెలిచారు. ఏ ఎండకా గొడుగు పట్టే మిల్లు మేనేజరు మర్నాటికల్లా గోడల మీద ఫోటోలు మార్చేశాడు. విజయ దినం శాంతిభద్రతల దినం అయింది. కాల్పులు జరిగిన రోజునే గేటు దగ్గర రాయి తగిలి ఒక సైనికుడు చనిపోయాడు. ఇకనుంచి సైరన్ అతని కోసం మోగాలన్నారు. మా మామయ్యా వాళ్ళూ అల్లరిమూక అయ్యారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి వచ్చెయ్ అత్తా. మామయ్యను చంపినవాళ్ళ కోసం మోగిస్తావా?"

"నేను మానేస్తే ఇంకెవరో మోగిస్తారు. ఆ నిమిషాన్ని వాళ్ళ చేతుల్లో పెట్టి నేనెక్కడికి పోనురా?"

మోగించింది. ఆ ఏడు కూడలిలో అందరూ ఆగారు. ఆగకపోతే లాఠీలున్నాయి మరి. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? అయితే సాయంత్రం అత్త ఆ మాటే అడగలేదు.

"గది తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఏడుస్తోందిరా. ఆ సైనికుడి తల్లట. కుర్రాడికి మీసం కూడా సరిగ్గా రాలేదట. నీళ్ళిచ్చాను. ఇద్దరం చాలాసేపు అలాగే కూర్చున్నాం." మళ్ళీ తనే, "వాడి కోసం ఆగినవాళ్ళలో మీ మామయ్యను తలుచుకుని ఎవరైనా ఆగి ఉంటారంటావా?" అంది.

"ఎవరి మనసులో ఎవరున్నారో మనకేం తెలుస్తుందత్తా" అన్నాను.

ఇప్పుడు గద్దె మీదున్నవాళ్ళకు ఎవరిమీదా కోపం లేదు, ఎవరికోసమూ బాధ లేదు. అత్త ఉద్యోగం దిగిపోయింది, మిల్లు మూతపడి షాపింగ్ మాల్ అయింది. ఆ రోజును కుటుంబ దినం అన్నారు. వారం మధ్యలో వస్తే జనానికి ఉపయోగం లేదని, శని ఆదివారాలతో కలిసొచ్చేలా దగ్గర్లోని సోమవారానికి జరిపారు. సైరన్ను మాత్రం మాల్ వాళ్ళు ముచ్చటపడి ఉంచుకున్నారు. సోమవారం పదింటికి అది మోగగానే తలుపులు తీస్తే, జనం తగ్గింపు ధరల మీద విరుచుకుపడతారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

మొదటిసారి అలా మోగినప్పుడు నేను అత్త ఇంట్లోనే ఉన్నాను. వంకాయలు తరుగుతున్న మనిషి కత్తి చేతిలో ఉండగానే లేచి నిలబడింది. సైరన్ ఆగాక నా వైపు తిరిగి, "ఇవాళ కాదుగదరా ఆయన పోయింది" అంది. నిజమే, ఆ ఏడు ఆ తేదీ గురువారం వస్తుంది.

గురువారం పదింటికి నా బస్సు కూడలిలోకి తిరిగింది. పనిరోజు కాబట్టి రోడ్డు కిటకిటలాడుతోంది. సైరన్ లేదు, జెండా లేదు. ఆ నడిరోడ్డు మీద, రెండు చేతులూ పిడి పట్టుకున్నట్టు గుండెల దగ్గర బిగించుకుని, మా అత్త నిలబడి ఉంది.

హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. "ముసలమ్మా, చావడానికి నా బండే దొరికిందా?" అని ఒకడు అరుస్తూ పక్కనుంచి దూసుకుపోయాడు. నేను బస్సును ఆవిడకు అడ్డుగా పెట్టి ఇంజన్ ఆపేశాను.

"ఏమైందయ్యా, బండి చెడిందా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"మా మామయ్య పోయిన రోజు. ఒక్క నిమిషం ఓపిక పట్టండి."

"మామయ్య పోతే సెలవు పెట్టుకోవాలి గానీ మమ్మల్ని ఆపడమేంటి?"

సెలవన్న మాట వినేసరికి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన తప్పేం లేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. నలుగురు దిగి తిట్టుకుంటూ నడిచిపోయారు. ఇంకెవరూ ఆగలేదు. నిమిషమయ్యాక అత్త తనంతట తానే చేతులు దించుకుని, మెల్లగా పేవ్‌మెంటు ఎక్కి ఇంటిదారి పట్టింది.

సాయంత్రం వెళ్ళాను. గ్లాసుడు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆగారట్రా?"

ఉలిక్కిపడ్డాను. "నువ్వక్కడే ఉన్నావుగదత్తా."

"ఉన్నాను. కళ్ళు మూసుకున్నాను. ఇన్నేళ్ళూ నువ్వు చెప్పినట్టు ఉండదేమోనని భయమేసిందిరా."

హారన్లు ఆవిడకు వినపడలేదా? వినపడే ఉంటాయి. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"టీకొట్టు ముసలాయన కెటిల్ గాల్లోనే పట్టుకుని నిలబడిపోయాడత్తా."

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఆ ముసలాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ను సాగనంపడానికి అత్తా నేనూ కలిసే వెళ్ళాం. ఆ కొట్టున్న చోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు.

అత్త నా మొహంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. కళ్ళు మూసుకుంది.

"ఉఁ, తర్వాత?" అంది.