పేరు లేని సిరంజి

పాము పగ పన్నెండేళ్ళంటారు. సూదమ్మది ఇరవై రెండేళ్ళు. పాముకి మధ్యలో మతిమరుపైనా వస్తుందేమో గానీ, ఈవిడకి ఆ సౌకర్యం లేదు.

సూదమ్మ అసలు పేరు కాదు. ఆవిడ మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్లో రోగి తల దగ్గర నిలబడి, నిద్రపుచ్చింది మొదలు మళ్ళీ లేపేదాకా ఊపిరిని కనిపెట్టుకుని ఉండే మనిషి. మాట సూదిలా దిగుతుందని థియేటర్లో వాళ్ళు వెనకాల ఆ పేరు పెట్టుకున్నారు. విని, పోనీలే, సుత్తమ్మ అనలేదు కదా అని సరిపెట్టుకుంది.

మత్తు పని నేర్చుకునే ట్రైనీలను పరీక్షించడం కూడా ఆవిడ పనే. నిజం థియేటర్లో, నిజం రోగికి వాళ్ళు మత్తిస్తుంటే పక్కన నిలబడి చూడాలి. కేసు అయిన గంటలోపు ఫారం నింపాలి. అందులో మూడు గళ్ళుంటాయి: పక్కనే మనిషి ఉండాలి, పిలిస్తే పలికే దూరంలో ఉండాలి, ఒంటరిగా చేయగలరు. ఒకదాంట్లో టిక్కు పెట్టి, కింద నాలుగు వాక్యాలు రాయాలి. కేసు దగ్గరా, ఫారం ముందు కూర్చున్నప్పుడూ చూసిందీ విన్నదీ తప్ప ఇంకోటి రాయకూడదు. పరీక్షించినవాళ్ళూ ట్రైనీ ఇద్దరూ సంతకం పెడితేనే అది చెల్లుతుంది.

అలాంటి ఫారమే ఒకప్పుడు సూదమ్మ కొంప ముంచింది. అప్పుడు ట్రైనీ తను. పరీక్షించింది పెద్దాయన, ఇప్పుడు విభాగం మొత్తానికీ అధిపతి. ఆపరేషన్ అయిపోయి రోగి లేస్తున్నాడు. "వాంతుల మందు ట్రేలో ఉంది, ఇచ్చెయ్" అన్నాడాయన. ట్రేలో సిరంజి ఆయన చేత్తో నింపిందే. దాని మీద లేబుల్ లేదు. మత్తువాళ్ళ మందులు చాలావరకు చూడ్డానికి నీళ్ళే, అంటించిన పేరును బట్టే ఏది ఏదో తెలిసేది. పెద్దాయన చెప్పాక అనుమానమెందుకని ఎక్కించేసింది. అది కండరాలను కదలనివ్వని మందు. రోగికి తెలివి ఉండగానే ఊపిరి ఆగిపోయింది. మూతికి మాస్కు పెట్టి, చేత్తో బ్యాగు నొక్కుతూ పావుగంట ఊపిరి పోసి బతికించిందీ ఆవిడే. పెద్దాయన మాత్రం ఫారంలో ఇలా రాశాడు: "ట్రైనీ చూసుకోకుండా మందు ఎక్కించింది. నమ్మి వదలడానికి లేదు." సిరంజి ఎవరు నింపారో రాయలేదు.

ఆ రెండు వాక్యాలతో ఒక ఏడాది గంగలో కలిసింది. ఏడాది ఎందుకు పోయిందని అడిగిన చుట్టాలందరికీ వాళ్ళమ్మ పిల్లకి కామెర్లని చెప్పింది. ఒక పిన్ని ఇప్పటికీ కనిపించినప్పుడల్లా "ఏదీ, చూడనీ" అంటూ కళ్ళకింద రెప్పలు లాగి చూస్తుంది. ఫైల్లో ఆ కాగితం అలాగే ఉంది. దాని పక్కన నిజం కూడా ఉండాలని, దాన్ని పెద్దాయన నోటితోనే అనిపించాలని సూదమ్మ కోరిక. వేరే మొక్కులేవీ ఆవిడకి లేవు.

ఇన్నేళ్ళకి పెద్దాయన కూతురు ట్రైనీగా వచ్చింది. ఇంకొక్క ఫారం ఉంటే ఆఖరి పరీక్షకి వెళ్ళొచ్చు. అది వచ్చి సూదమ్మ చేతిలో పడింది.

ఆ పొద్దున బళ్ళో డ్రాయింగు మాస్టారైన భర్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఆవిడ మొహం చూశాడు.

"అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తావా ఏమిటి?"

"దుత్త పగిలితే అత్తకి వినపడుతుందిగా."

"అది నీకేం చేసిందే పాపం?"

"ఆ ఇంటి దుత్త. చాలదా?" అని చెప్పులేసుకుంది.

ట్రైనీలకి ఉచ్చు వేయడం మత్తువాళ్ళలో పాత అలవాటే. రోగి రాకముందు మిషన్ గొట్టం ఒకటి వదులు చేసిపెట్టి, తనిఖీలో పట్టుకుంటారో లేదో చూస్తారు. కానీ దానికొక గీత ఉంది. రోగి బల్ల మీదకి వచ్చాక ఎవరూ ఉచ్చులు వేయకూడదు. సూదమ్మ ఎన్నడూ ఆ గీత దాటలేదు.

వదులు గొట్టాన్ని ఆ పిల్ల రెండు నిమిషాల్లో పట్టేసింది. రోగి చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతూ నిద్రపుచ్చింది. రక్తపోటు కాస్త జారితే, సూదమ్మ నోరు తెరిచేలోపే సరిచేసింది. సూదమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇంత బాగా చేస్తే ఇరవై రెండేళ్ళ కోపం తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోవాలి?

కుట్లు పడుతుండగా ఆవిడ జేబులోంచి ఒక సిరంజి తీసి ట్రేలో పెట్టింది. అందులో ఉన్నది ఉప్పునీళ్ళు, ఎక్కినా ఏమీ కాదు. అయినా ఎక్కకముందే చెయ్యి పట్టుకుని ఆపాలనీ, ఆ పాత వాక్యాలే ఒక్క ముక్క మార్చకుండా ఈ పిల్ల ఫారంలో దించాలనీ ఆవిడ ఆలోచన.

"వాంతుల మందు ట్రేలో ఉంది, ఇచ్చెయ్."

ఆ పిల్ల సిరంజిని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని మీద పేరు లేదు మేడమ్."

"నేనే నింపాను. ఇవ్వు."

"మీరు నింపినా ఇవ్వను మేడమ్, ఏమీ అనుకోకండి." సిరంజిని చెత్తడబ్బాలో పడేసి, కొత్త మందు సీసా మెడ విరిచి నింపి, లేబుల్ అంటించి అప్పుడు ఎక్కించింది. టెక్నీషియన్ దగ్గు రాకపోయినా దగ్గాడు.

రోగి లేచి, తన పేరు చెప్పి, మంచినీళ్ళడిగాక, ఇద్దరూ పక్కగదిలో ఫారం ముందు కూర్చున్నారు.

"పేరు లేని సిరంజి పారెయ్యమని ఎవరు నేర్పారు నీకు?" అని అడిగింది సూదమ్మ.

"నాన్న. భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పారో! ఒకసారి లేబుల్ లేని సిరంజి నాన్నే ట్రేలో పెట్టి మర్చిపోయారట. ట్రైనీ అమ్మాయి ఎక్కించేసిందట. తప్పంతా ఆ అమ్మాయి మీద రాసేశానమ్మా, నువ్వు మాత్రం ఎవరి సిరంజీ నమ్మకు అంటారు."

సూదమ్మ చేతిలో కలం ఆగిపోయింది. "ఆ అమ్మాయి పేరు చెప్పారా?"

"అడిగాను మేడమ్. గుర్తు లేదన్నారు."

సూదమ్మ పోగొట్టుకున్న ఏడాది వాళ్ళింట్లో కంచాల ముందు చెప్పుకునే నీతికథ అయింది. ఆ నీతితో కూతురు గట్టెక్కింది. కథలో అమ్మాయికి పేరు కూడా మిగల్లేదు.

'ఒంటరిగా చేయగలరు' గడిలో టిక్కు పెట్టింది. అబద్ధం రాయడం ఆవిడకి చేతకాదు. దాని కింద, ఆ పిల్ల తండ్రి గురించి చెప్పిందంతా, ఏ సంవత్సరమో, ఏ ట్రైనీయో తన అసలు పేరుతో సహా రాసి కాగితం తిప్పి ముందుకు తోసింది.

ఆ పిల్ల చివరిదాకా చదివింది. "ఇది ఇంట్లో మాట మేడమ్."

"ఇక్కడ అన్నావు, ఇక్కడ విన్నాను. సంతకం పెడితే పరీక్షకి వెళ్తావు."

"నెలాఖరు మీటింగులో ఈ ఫారాలన్నీ పైకి చదివేది నాన్నే."

"తెలుసు."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని నిటారుగా కూర్చుంది. "విన్నది రాశారు. మరి చూసింది? రోగి బల్ల మీద ఉండగా పేరు లేని సిరంజి ట్రేలో పెట్టిందెవరో కూడా రాయండి. లేదంటే ఇది చింపేసి ఇంకో ఫారం తీయండి, టిక్కు పెట్టి ఊరుకుందాం. ఎవరికీ ఏమీ కాదు."

రాస్తే సూదమ్మకి ట్రైనీలను పరీక్షించే అర్హత ఆ రోజుతో సరి. చింపితే ఆయన వచ్చే నెల దండలేయించుకుని రిటైరవుతాడు. ఎదురుగా కూర్చున్నది అచ్చం అప్పటి తనలాగే ఉంది, కాకపోతే దీనికి నోరుంది. ఆయన చేసిన పనే తనూ చేసిందని తెలిసి సిగ్గేసింది. సిగ్గేసినా కోపం పిసరంత కూడా తగ్గలేదు.

కాగితం తన వైపు లాక్కుని రాసింది: "ఈ రోజు పేరు లేని సిరంజిని, రోగి బల్ల మీద ఉండగా, కావాలనే ట్రేలో పెట్టింది నేను." సంతకం చేసింది. ఆ పిల్ల కూడా చేసింది.

నెలాఖరు మీటింగులో పాతికమంది డాక్టర్లున్నారు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ఫారాలు చదువుతున్నాడు. కూతురి ఫారం దగ్గర టిక్కు చదువుతూ గొంతు పెంచాడు, దాని కింద తన సంగతి రాగానే ఆగిపోయాడు. కాగితం కింద పెట్టి మంచినీళ్ళ కోసం చూశాడు.

వెనక వరసలోంచి సూదమ్మ లేచి నిలబడింది.

"ఆపకండి సార్. మీ తప్పు అయ్యాక నా తప్పుంది, అదీ చదవండి. నా పేరు మాత్రం కాస్త గట్టిగా చదవండి."

ముందు వరసలో ఉన్న కూతురు తలెత్తి తండ్రి మొహంలోకే చూస్తోంది. ఆయన కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టాడు.