పండుగకొక చావు గీసిన పెద్దబాపు

దీపావళి పొద్దున పెద్దబాపు కొడుకు ఫోన్ చేసి "అక్కా, బాపు పోయిండు" అంటే, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "నిజంగనేనా?" అని. నన్ను తిట్టుకోకండి. మా నాన్నకు అన్న అయిన ఈ పెద్దబాపు ప్రతి పండుగకూ కాగితం మీద ఒకరిని చంపి మమ్మల్ని నవ్వించిన మనిషి. అలాంటివాడు సరిగ్గా పండుగ నాడే, తలంటుకుని, చాయ్ తాగుతూ గుండె ఆగి పోయాడంటే ఎవరు నమ్ముతారు? ఆటో ధామన్కర్ నాకా చౌరస్తా దాటేదాకా నాకు అనుమానమే. ఈసారి కథ మరీ ఎక్కువైంది పెద్దబాపూ అని దులిపేద్దామనే వెళ్లాను.

ఆయన ముంబై దగ్గరి భివండీలో ఏళ్ల తరబడి సాంచెలు నడిపాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలే అంటారు. దీపావళికి కార్ఖానాలు బంద్ అయి ఆ చప్పుడు ఆగిపోతే ఆయనకు ఏమీ తోచేది కాదు. నిజాంపురాలో పాత కాగితాలు అమ్మే రద్దీ దుకాణం నుంచి మరాఠీ పండుగ సంచికలు, పాత కామిక్ పుస్తకాలు ఏరుకొచ్చి తిరగేసేవాడు. "అందరు మంచిగ లడ్డూలు తింటున్నరు. గిదేం కథ?" అని పెదవి విరిచేవాడు. తర్వాత పాత క్యాలెండర్ల వెనక బాల్‌పెన్నుతో సొంత బొమ్మల కథ గీసి, సాంచె దారంతోనే కుట్టి, మా లైనులో గది గదికీ తిప్పేవాడు.

ఒక ఏడు దసరాకు మేకను కొయ్యబోయినవాడు గుండాగి చస్తే, ఆ మేకే ఇల్లిల్లూ తిరిగి దినాలకు చుట్టాలను పిలుస్తుంది. ఇంకో ఏడు చచ్చినవాడికి మూడో నాడు పిట్టకు పెడితే ఒక్క కాకీ రాదు. పండుగ సెలవులట, కాకులన్నీ ఊరెళ్లాయి. "పండుగ పూట ఎవడన్న సావకపోతే నవ్వెట్లొస్తది?" అనేవాడు, ఎంతో న్యాయం మాట్లాడినట్టు.

మేం నవ్వేవాళ్లం, నవ్వుతూనే పక్కవాళ్లను ఓరగా చూసేవాళ్లం. ఆ మేకవాడి బట్టతల మూడో గదాయనది కాదూ? ఆ మూడో గదాయనేమో అది ఎదురింటాయనదని వాదించేవాడు. పండుగ దాటి ఎన్నాళ్లయినా లైనులో ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడేవారు కాదు.

అందరికంటే ఎక్కువ అనుమానం మా పెద్దమ్మకు, అంటే ఆయన భార్యకు. కథలన్నింటిలోనూ ఒక ఆడమనిషి తప్పకుండా ఉండేది. గరిటె కాడంత ముక్కు, నడుం మీద చేయి, శవాన్ని కూడా తిట్టే నోరు. "గది నేనే గదా?" అని పెద్దమ్మ ప్రతి పండుగకూ నిలదీసేది. "నువ్వెందుకైతవే?" అని ఆయన చాయ్ గ్లాసు వెనక ముఖం దాచుకునేవాడు. దాంతో ఆమె అనుమానం ఇంకా బలిసేది.

బాగా పేరొచ్చిన కథ 'చాలు'. మన ఇండ్లలో చాలంటే ఆపమని. కార్ఖానాలో, ఆ హిందీ మరాఠీ మాటల మధ్య, చాలూ అంటే నడపమని. పెద్దబాపు ఊరి నుంచి కొత్తగా వచ్చినప్పుడు, దారాలు పటపటా తెగుతుంటే "చాలు, చాలు!" అని అరిచాడట. పక్కనున్న ఉత్తరాది భయ్యా ఆగి ఉన్న సాంచెను కూడా నడిపించాడట. పని చేయించే ముకాదం ఆ రోజు తిట్టిన తిట్లన్నీ ఆయనకు ముసలితనంలోనూ నోటికొచ్చు. కథలో ఒక సాంచెలాయన దీపావళి నాడు చస్తాడు. పాడె చుట్టూ ఏడ్చేవాళ్లను ఆ ముక్కావిడ "చాలు!" అని కసురుతుంది. శవం దిగ్గున లేచి సాంచె నడపడానికి ఉరుకుతుంది. ఆవిడ వెంటపడి "చాలు! చాలు!" అన్నకొద్దీ వాడు ఇంకా జోరుగా నడుపుతాడు.

ఆ పుస్తకం వచ్చాక పెద్దమ్మ ఆ మాటే మానేసింది. అన్నం వడ్డిస్తుంటే "బస్" అనేది.

నేను వెళ్లేసరికి ఆయన నిజంగానే పోయి ఉన్నాడు. మా నాన్న తర్వాత నాన్నంతటివాడు. ఎంత కష్టపు ఏడాదైనా పండుగకు మమ్మల్ని నవ్వించకుండా వదల్లేదు. కూలబడి ఏడ్చాను. బయట పిల్లలు పటాకులు కాలుస్తూనే ఉన్నారు. మా మేనత్త పాడెను పట్టుకుని వదలడం లేదు. పొద్దుపోతోందని పెద్దమ్మే ఆమె భుజం పట్టి లేపుతూ, "చాలు వదినె, చాలు" అంది.

మూడో గదాయన, ఎదురింటాయన, తమ్ముడు, నేను, అందరం పెద్దబాపు ముఖం కేసి చూశాం. ఒట్టు, చూశాం. ఎవరో నవ్వు ఆపుకోబోయి దగ్గారు. అందరికంటే ఎక్కువసేపు చూసింది పెద్దమ్మ. ఆయన లేవలేదు. ఆయన పోయాడని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

మూడో నాడు అన్నం పెట్టీ పెట్టకముందే కాకి వాలింది. "గింత జల్ది ఎట్లొచ్చిందే?" అని మేనత్తకు అదో అనుమానం. ఇంటికొచ్చాక పెద్దమ్మ నన్ను ఒక్కదాన్నే పొయ్యి దగ్గరికి పిలిచింది.

"నీకు జెప్పే ఉంటడు. గా ముక్కుది నేనేనా? నిజం జెప్పు బిడ్డా. మనిషే పోయిండు, ఇగ కొట్లాటేముంది?"

నాకు తెలుసు. పోయిన ఎండాకాలం వరాలా తలావ్ చెరువు దగ్గర సాయంత్రం నడుస్తూ నేనే అడిగాను. పడీ పడీ నవ్వాడు. "గది మా ముకాదం బిడ్డా. వానికి చీర గట్టిచ్చిన, గంతే. మీ పెద్దమ్మకు జెప్పకు. నా మీద నిగా పెట్టుడు బంద్ జేస్తది" అన్నాడు.

"నువ్వు కాదు పెద్దమ్మా. అది ముకాదం" అన్నాను. ఆమె మనసు తేలికవుతుందనుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"అంటే, గిన్నేండ్లల నన్ను ఒక్కపారి గూడ గియ్యలేదా?"

ఆమె నా కళ్లలోకి అనుమానంగా చూసింది. "నువ్వు అబద్ధం జెప్తున్నవ్. నేను బాధపడ్తనని జెప్తున్నవ్. నేనే గదా?"

"నువ్వే పెద్దమ్మా" అన్నాను.

"నాకెర్కనే" అంది కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. లేచి, దండ వేసిన ఫొటో ముందుకు పోయి నడుం మీద చేయి పెట్టుకుంది. "సిగ్గులేదా నీకు? నా ముక్కు గంత పొడుగుంటదా?" అని అడిగి, జవాబు కోసం చూస్తున్నట్టు అక్కడే నిలబడి, వేళ్లతో తన ముక్కును కొసదాకా తడుముకుంటూ ఉండిపోయింది.