రొయ్యలకు నిషేధించిన మాత్ర

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది జూన్‌లో నాకు నాగాయలంక దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరుగా పోస్టింగు వచ్చింది. కాంట్రాక్టు ఉద్యోగం. అది ముగియడంతో ముప్ఫై మూడేళ్ళ వయసుకే విశ్రాంత ఉద్యోగినినైపోయాను కాబట్టి శాలువా, పింఛను లేకుండానే ఈ జ్ఞాపకం రాస్తున్నాను. మెడికల్ ఆఫీసరంటే పెద్ద హోదా అనుకునేరు. కేంద్రంలో ఉన్న ఏకైక డాక్టరూ, ఫ్యాను ఆగిపోతే ఎలక్ట్రీషియనుకు ఫోను చేసే మనిషీ ఒక్కరే అయితే, ఆ ఒక్కరినీ అలా పిలుస్తారు.

గర్భిణుల పరీక్షల రోజున అందరికీ బరువు, బీపీ, రక్తంతో పాటు మూత్రం కూడా చూస్తాం. గర్భంతో ఉన్నప్పుడు మూత్రంలో ఇన్ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. ఒక్కోసారి ఏ బాధా తెలియకుండానే ఉంటుంది. వదిలేస్తే కిడ్నీ దాకా పాకుతుంది, నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. మా వైపు జనం దీనికి పెట్టిన పేరు ‘వేడి చేసింది’. వైద్యం సబ్జా నీళ్ళు, బార్లీ, కొబ్బరిబోండాం. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు, బాక్టీరియాకి కూడా.

మౌనికకు అప్పుడు ఆరో నెల. భర్త గుడివాడలో రొయ్యల మేత అమ్మే డీలరు దగ్గర పనిచేస్తూ వారానికోసారి వచ్చేవాడు. అందుకని ఆమెను మామగారు సుబ్బారావు తీసుకొచ్చారు. ఆయన రొయ్యల చెరువుల రైతు. మంటగా ఉందని, మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోందని మామగారి ముందు చెప్పడానికి సిగ్గుపడి, మౌనిక మా ఏఎన్ఎం రత్నకుమారిగారి చెవిలో చెప్పింది. ఏఎన్ఎం అంటే ఊళ్ళల్లో తిరిగి గర్భిణుల బాగోగులు చూసే నర్సు. చెవిలో చెప్పిన మాటను బస్టాపు దాకా వినిపించేలా నాకు చేరవేయడం ఆవిడ పద్ధతి.

మూత్రంలో చీముకణాలు కనిపించాయి. అలాంటప్పుడు మందు మొదలుపెట్టే ముందే శుభ్రమైన సీసాలో నమూనా తీసి కల్చర్‌కు పంపాలి. అంటే ల్యాబులో ఏ బాక్టీరియా పెరుగుతుందో, అది ఏ మందుకు లొంగుతుందో చూస్తారు. ఆ సదుపాయం మాకు లేదు, నమూనా బందరు పెద్దాసుపత్రికి పంపాలి. ఫలితం వచ్చేలోగా గర్భిణికి ఇవ్వదగ్గ మందు మొదలుపెడతాం. ఆరో నెలలో నైట్రోఫ్యూరాంటాయిన్ ఇవ్వవచ్చు. వారం రోజులకు రాశాను.

సుబ్బారావుగారు కళ్ళజోడు పెట్టుకుని మాత్రల అట్ట చదివారు. మొహం మారింది.

“డాక్టరమ్మగారూ, ఇది నైట్రోఫ్యూరాన్ జాతి కదండీ. రొయ్యకే బ్యాన్ చేశారండీ దీన్ని. టెస్టులో తేలితే విదేశాలవాళ్ళు సరుకంతా వెనక్కి పంపేస్తారు. మరి కోడలికి ఎట్టా వెయ్యమంటారు?”

ఆయన అన్నది అక్షరాలా నిజం. మెడికల్ కాలేజీలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, జవాబూ నేర్పలేదు. రొయ్యను తినేవాళ్ళ ఒంట్లోకి ఆ మందు చేరకూడదని ఆ నిషేధం పెట్టారని, జబ్బు ఉన్న మనిషికి లెక్కప్రకారం ఇవ్వడం వేరని వివరించాను. ఆయన ఇంకా అట్ట వైపే చూస్తున్నారు.

“మౌనికను మనం ఎక్స్‌పోర్ట్ చెయ్యట్లేదు కదండీ,” అన్నాను.

మౌనిక నవ్వింది. ఆయన నవ్వలేదు గాని మౌనిక నమూనా సీసా అందుకున్నారు. చల్లగా ఉంచి ఆ రోజే బందరు చేర్చాలని చెప్పాను. ఐసుపెట్టె ఆయన బండిలోనే ఉంది. ఐసుకు కొదవ లేని కుటుంబం దొరికిందని నేను లోలోపల సంబరపడ్డాను.

ఆ వారంలోనే మౌనికను ఆటోలో తెచ్చారు. వణికించే జ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు. ఇన్ఫెక్షన్ కిడ్నీకి చేరితే కనిపించే లక్షణాలు. మాత్రలు వేసుకుంటోందా అని అడిగితే, రిపోర్టు బాగుందని ఆపేశామంటూ సుబ్బారావుగారు ఒక కాగితం ఇచ్చారు. అందులో ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా ఉన్నాయి. అమ్మోనియా ఎదురుగా ‘ప్రమాదకరం, వెంటనే నీరు మార్చాలి’ అని ఎర్ర సిరాతో రాసుంది. ఆయన బాగుందన్నది కింది ముక్క చూసి: ‘విబ్రియో లేదు’. చెరువు నంబరు రాయాల్సిన చోట ‘ఇల్లు’ అని ఉంది.

ఆయన బందరు వెళ్ళలేదు. తన చెరువుల నీళ్ళు ఎప్పుడూ చూపించుకునే ఆక్వా ల్యాబుకు సీసా ఇచ్చారు. ప్లేటు మీద బాక్టీరియాను పెంచి చూడటం ఎక్కడైనా ఒకటే కదా అన్నది ఆయన వాదన. ఒకటి కాదు. విబ్రియో రొయ్యల్ని చంపే బాక్టీరియా. దాన్ని పట్టే ప్లేటు మీద మిగతావాటిని పెరగనివ్వరు. మౌనికకు వచ్చింది ఆ మిగతావాటిలో ఒకటి. రొయ్యగా చూస్తే ఆమె సంపూర్ణ ఆరోగ్యవంతురాలు. నీరు మార్చమన్న సలహాను మాత్రం తప్పుపట్టలేం, నీళ్ళు బాగా తాగమని నేనూ చెప్పాను.

పొట్ట ఉండుండి గట్టిపడుతోందని మౌనిక చెప్పాక నా హాస్యం సెలవు పెట్టింది. అవి నెలలు నిండని నొప్పులు కావచ్చు. కొత్త నమూనా తీయించి, సెలైన్ పెట్టించి, బందరు తీసుకెళ్ళడానికి అంబులెన్సుకు ఫోను చేశాను. మొదటి మోతాదు ఇక్కడే ఇవ్వాలని సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ సిద్ధం చేయమన్నాను. సుబ్బారావుగారు ఆ మందు సీసా చేతిలోకి తీసుకుని, ఇది ఏ జాతిది, బ్యాన్ లిస్టులో ఉందా అని అడగడం మొదలుపెట్టారు. రత్నకుమారిగారు సిరంజి పట్టుకుని ఆగిపోయారు.

మాట్లాడింది మౌనిక.

“మావయ్యగారూ, రొయ్య పైకి తేలిందంటే కంచం ముందునుంచి లేచి పరిగెడతారు. నేనూ తేలేదాకా చూస్తారా?”

నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడు రైతు ఎవరినీ ఏమీ అడగడు. సుబ్బారావుగారు మందు సీసాను రత్నకుమారిగారి చేతిలో పెట్టి, “వెయ్యండమ్మా,” అన్నారు. కొత్త నమూనాతో ఆయనే అంబులెన్సు ఎక్కారు. అది ఏ ల్యాబుకు చేరాలో ఈసారి డ్రైవరుకు కూడా చెప్పాను.

బందరులో జ్వరం తగ్గింది, నొప్పులు నిలిచాయి. కల్చర్‌లో ఈ.కోలై అనే బాక్టీరియా వచ్చింది. నేను మొదట రాసిన మాత్రకు అది లొంగేదే గాని, కిడ్నీ దాకా పాకాక ఆ మాత్ర చాలదు. ఇంజక్షన్ల తర్వాత వేరే మాత్రలతో కోర్సు పూర్తి చేయించారు. కోర్సు అయ్యాక మళ్ళీ ఒకసారి కల్చర్ చేయాలి. అది నేను గుర్తుచేయనక్కర్లేకపోయింది. రెండో ప్లేటింగ్ ఎప్పుడండీ అని సుబ్బారావుగారే ఫోను చేశారు. అందులో ఏమీ పెరగలేదు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. రొయ్యల సైజును కిలోకు ఎన్ని తూగుతాయో లెక్కగట్టి కౌంటులో చెప్తారు. పాప బరువు కూడా అలాగే చెప్తారేమోనని భయపడ్డాను గాని, కిలోల్లోనే చెప్పారు.

ఏమీ తెలియని మనిషికి మందు గురించి చెప్పడం తేలిక. కొంత గట్టిగా తెలిసినవాళ్ళను ఆ తెలిసిందేమిటో ముందు అడగాలి, అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. ఆ తర్వాత గర్భిణులకు యాంటీబయాటిక్ రాసేటప్పుడు, ఏ మందైనా పడదా అని అడిగాక, ఇంట్లో రొయ్యల చెరువులున్నాయా అని కూడా అడిగేదాన్ని. ఉన్నాయంటే రెండో కుర్చీ వేయించి, ఇంటి పెద్దను కూడా కూర్చోబెట్టేదాన్ని.